సీఈఓకి ఇచ్చే షేర్ల డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది?

ప్రశ్న:
నా దగ్గర ఒక కంపెనీ షేర్లు కొన్ని ఉన్నాయి. యాన్యువల్ రిపోర్ట్ తిరగేస్తుంటే సీఈఓ జీతం మామూలుగానే ఉంది, పక్క గడిలో స్టాక్ అవార్డులు మాత్రం దానికి పాతిక రెట్లు! పైగా ఇది నగదు ఖర్చు కాదని కింద చిన్న అక్షరాల్లో రాశారు. మరి అంత సొమ్ము గాల్లోంచి ఊడిపడిందా? ఆయన పారితోషికం మీద ఓటు వేయమని మెయిల్ వచ్చింది. నేను అకౌంటింగ్ చదువుకోలేదు, తేలికగా చెప్పండి.

జవాబు 1:
మీ జేబులోంచేనండీ. కంపెనీ కొత్త షేర్లు జారీ చేసి ఆయనకిస్తుంది. వంద షేర్లున్న చోట మరో మూడు వచ్చాయనుకోండి, మీ ఒక్క షేరు ఇప్పుడు నూట మూడింట ఒక వంతే. దీన్ని డైల్యూషన్ అంటారు.

అసలు తిరకాసు ఆ తర్వాతే. పెరిగిన షేర్ల సంఖ్యను మళ్లీ కిందికి దించడానికి కంపెనీ బైబ్యాక్ చేస్తుంది, అంటే తన షేర్లను తానే తిరిగి కొంటుంది. నగదు పోయేది అక్కడ. క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్‌లో, అంటే నగదు రాకపోకల పట్టీలో, స్టాక్ పారితోషికాన్ని నగదు ఖర్చు కాదంటూ పైన లాభానికి తిరిగి కలిపేస్తారు, బైబ్యాక్ ఖర్చు ఎక్కడో కింద ఫైనాన్సింగ్ భాగంలో ఉంటుంది. రెండూ ఒకచోట పెట్టి చూడండి, మతి పోతుంది.

అమెరికాలోనైతే ఒకప్పుడు ఆ రోజు మార్కెట్ ధరకే ఆప్షన్ (ముందే ఖరారైన ధరకి తర్వాత షేరు కొనుక్కునే హక్కు) ఇస్తే లాభనష్టాల పట్టీలో ఖర్చు సున్నా అని చూపించేవారు. 2004లో నిబంధన మార్చాక గానీ ఆ ఆట కట్టలేదు. 1993లో పది లక్షల డాలర్లు దాటిన సీఈఓ జీతానికి కంపెనీకి దక్కే పన్ను మినహాయింపు తీసేశారు, పనితీరుతో ముడిపెట్టిన చెల్లింపులను మాత్రం వదిలేశారు. ఇంకేముంది, అందరూ ఆప్షన్ల మీద పడ్డారు. ఆ సందు 2017 పన్ను చట్టంతో మూసుకుంది.

జవాబు 2:
అంత చెడ్డదేం కాదు. అంతా నగదే ఇస్తే షేరు ఏమైపోయినా ఆయనకేం పట్టదు. షేర్లుంటే మన నష్టం ఆయనకీ తగులుతుంది.

జవాబు 1:
షేర్లిస్తే నిజమే, ఆప్షన్లిస్తే కాదు. 500 ధరకి ఆప్షన్ ఉంది, షేరు 300కి పడింది. మనకి 200 పోయింది, ఆయన చేతిలోంచి పైసా పోలేదు. 700 అయితే మాత్రం పంట పండినట్టే. మైక్రోసాఫ్ట్ 2003లో ఉద్యోగులకు ఆప్షన్లు ఆపేసి షేర్లివ్వడం మొదలుపెట్టింది. అడిగినవారికి ఒక మాట: ఆ అవార్డు ఏ లక్ష్యం చేరితే చేతికొస్తుందో చూశారా?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే చూశాను. ఈపీఎస్ అట, అంటే ఒక్కో షేరుకి వచ్చే లాభం. నికర లాభం రెండేళ్లుగా ఎక్కడిదక్కడే ఉంది, ఈపీఎస్ మాత్రం పెరిగింది.

జవాబు 1:
బైబ్యాక్‌తో షేర్లు తగ్గాయి, లాభం పెరగకుండానే ఈపీఎస్ పెరిగింది. లక్ష్యం లెక్కలోంచి బైబ్యాక్ ప్రభావాన్ని తీసేశారా అన్నది పారితోషిక కమిటీ నివేదికలో వెతకండి.

ప్రశ్న అడిగినవారు:
తీసేయలేదు. ఆ ఒక్క తీర్మానానికి వ్యతిరేకంగా వేశాను, మిగతావాటికి సరే అన్నాను.