"నవ్వకుమీ తల్లిదండ్రి..." ఆ తర్వాత?

వైట్‌ఫీల్డ్ వాసి: నిన్న మా అపార్ట్‌మెంట్ మీటింగులో సెక్రటరీగారు "అందరూ ఫోన్లు సైలెంట్‌లో పెట్టండి" అంటూండగానే ఆయన జేబులోంచే కోడి కూసింది. నాకు నవ్వాగలేదు. పక్కనున్న మా నాన్న తొడ గిల్లి "నవ్వకుమీ సభలోపల" అన్నారు. ఆ సుమతీ శతక పద్యంలో రెండో పాదం "నవ్వకుమీ తల్లిదండ్రి యధిపులతోడన్" అని నా గుర్తు. ఆయన కాదంటున్నారు.

మల్లేశ్వరం మాస్టారు: నాన్నగారిదే సరి, "నాథులతోడన్". మీ పాఠంలో గణాలు సరిపోయాయి గానీ యతి చచ్చింది. పాదం మొదటి అక్షరం 'న'కి జోడుగా నాలుగో గణం 'నా'తో మొదలవ్వాలి.

బసవనగుడి: యతి సరే మాస్టారూ, నాథులంటే ఎవరు? మా అమ్మమ్మ మొగుడనే చెప్పేది. మొగుడితో కాక ఇంకెవరితో నవ్వాలట!

మల్లేశ్వరం మాస్టారు: అమ్మా, కింది పాదంలోనే "పరసతితో" ఉంది. చెప్పేది మగవాడికి. నాథుడంటే ఇక్కడ ఏలిక. బద్దెన రాజనీతి రాసినవాడు, ఆ దృష్టితో చూడాలి.

జయనగర్: సుమతి బద్దెనదేనని ఎప్పుడు తేల్చేశారు? అది అటుంచండి. అసలు పేచీ 'తోడన్' దగ్గర. కలిసి నవ్వొద్దని కాదు, వాళ్లని చూసి నవ్వొద్దని. అందుకే చివర "విప్రవరుల" అని తోడన్ లేకుండా వదిలాడు.

మల్లేశ్వరం మాస్టారు: మరి పరసతిని చూసి నవ్వొద్దనా? అక్కడ కలిసి నవ్వడమే కదా. ఒక్క కందపద్యంలో తృతీయా విభక్తికి ('తో', 'తోడన్') రెండర్థాలా?

జయనగర్: ఉంటే ఏం? పద్యం మీ వ్యాకరణం పీరియడ్ కాదు.

వైట్‌ఫీల్డ్ వాసి: ఇంతకీ సెక్రటరీ నాథుల్లోకి వస్తాడా?

బసవనగుడి: మెయింటెనెన్స్ బాకీ ఉంటే వస్తాడు. నాకైతే ఈ విషయంలో మన సుమతి కంటే కన్నడ కవి డీవీజీ నచ్చుతాడు. 1943లో వచ్చిన ఆయన పద్యాల పుస్తకం 'మంకుతిమ్మన కగ్గ'లో "నగువు సహజద ధర్మ, నగిసువుదు పరధర్మ" (నవ్వడం సహజధర్మం, నవ్వించడం పరధర్మం) అన్నాడు. మనవాడు పాదానికోసారి వద్దంటే, ఆయన నవ్వుతూ బతికే వరం అడుక్కోమన్నాడు.

ఇందిరానగర్: అంత దూరం ఎందుకండీ, జాషువా లేడూ? "నవ్వవు జంతువుల్ నరుడె నవ్వును".

జయనగర్: నరుడె కాదు, నరుడు.

ఇందిరానగర్: నేను బడిలో అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్న పద్యమండీ ఇది.

మల్లేశ్వరం మాస్టారు: ఈసారి ఛందస్సు తీర్పు చెప్పదు. 'నరుడె' అన్నా 'నరుడు' అన్నా మూడు లఘువులే, ఉత్పలమాలకి అభ్యంతరం లేదు. యతి తర్వాతి 'నవ్వును' మీద పడింది, దానికీ ఈ గొడవ పట్టదు. నా మొగ్గు 'నరుడె' వైపు. ఆ 'ఎ' తీసేస్తే పాదం చప్పబడుతుంది.

జయనగర్: జంతువులు నవ్వవని ముందే అన్నాక మళ్లీ 'ఎ' దేనికి? చెప్పిందే చెప్పడం. జాషువా అంత దుబారా మనిషి కాదు.

ఇందిరానగర్: దుబారా కాదు, అది నొక్కు. పైకి చదివి చూడండి.

జయనగర్: చదివాను. 'నరుడు' అనే వచ్చింది.