నాన్న పోయాక అమ్మ గుమ్మం దాటట్లేదు

విద్యానగర్ అమ్మాయి: నాన్నకి నాలుగో మాసికం కూడా అయింది. అమ్మ ఇప్పటికీ పొద్దున్నే ఐదింటికి రెండు కప్పుల కాఫీ కలుపుతుంది. రెండోది చల్లారాక సింకులో పోస్తుంది, నన్ను తాగనివ్వదు. బిర్లా మందిర్‌కి రమ్మంటే ఏడాది దాకా కొండ గుడి ఎక్కకూడదంటోంది. ఆ గుడి ఉన్న నౌబత్ పహాడ్ గుట్ట కూడా కొండ లెక్కలోకి వస్తుందా అసలు?

పద్మక్క: ఇంటికో పద్ధతి తల్లీ, మీ పురోహితుణ్ణి అడుగు. 1976లో తెరిచిన ఆ గుడిలో గంటలుండవు, ధ్యానానికి అడ్డమని. మా ఆయన పోయాక నాకు ఆ నిశ్శబ్దమే ఊరట. పాలరాయి మీద కూచుని హుస్సేన్ సాగర్ చూస్తూ ఏడ్చేదాన్ని, ఎవరూ పలకరించేవారు కాదు.

సికింద్రాబాద్ వాసి: గుడి తర్వాత, ముందు మార్కెట్. మా అమ్మని మోండాకి తీసుకెళ్తే గోంగూర కట్ట దగ్గర గట్టిగా బేరమాడింది. అన్నాళ్ళలో ఆవిడ గొంతు పెరగడం అదే మొదలు!

విద్యానగర్ అమ్మాయి: ఇవాళ ఐదింటికే లేచి పొయ్యి పక్కన నిలబడ్డా. కాసేపు చూసి, "మీ నాన్నకి చక్కెర అర చెంచానే. నీకెంత వెయ్యనే?" అంది.