వదినను కౌన్సిలర్‌గా నిలబెడతారట, ఆ ఇల్లు ఎలా ఉంటుంది?

విల్లివాక్కం అమ్మాయి:
మాది ఎప్పుడో చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. వచ్చే కార్పొరేషన్ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్లకే వస్తుందని అన్నయ్య నమ్మకం. వదినతో "పేరు నీది, పని నాది" అంటున్నాడు. ఆవిడకేమో టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

పెరంబూరు అత్తయ్య:
మా ఆయన 2011 నుంచి 2016 దాకా కౌన్సిలర్. ఫోన్లు తీసింది మాత్రం నేనే. పొద్దున అయిదున్నరకే మొదలు: నీళ్ల లారీ ఎప్పుడొస్తుంది, మ్యాన్‌హోల్ పొంగుతోంది. నీళ్లకూ మురుగుకూ వేరే బోర్డు ఉందమ్మా అంటే, "ఓటు మీకే కదా వేశాం" అనేవారు. నిజమే మరి!

ఫోన్ పక్కన మేకుకు నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. వీధి దీపం వెలగట్లేదంటే స్తంభం నంబరు అడక్కుండా ఫోన్ పెట్టకూడదని మూడో రోజే తెలిసింది. నంబరు లేకపోతే మనిషి వచ్చి వీధంతా తిరిగి వెళ్లిపోతాడు.

డబ్బు సంగతి అడగలేదు కానీ చెప్తాను. మా రోజుల్లో నెల జీతమంటూ లేదు, మీటింగుకు వెళ్తే ఇచ్చే భత్యమే. 2023లో నెలకు 10,000 గౌరవ వేతనం ప్రకటించారు. ముహూర్తాల నెలలో అది చదివింపులకే చాలదు. వార్డులో ఏ పెళ్లికీ వెళ్లకుండా ఉండలేం.

2015 డిసెంబరు వరదలప్పుడు మా ఇంట్లోనూ మోకాలి లోతు నీళ్లు. ఆయన పాల ప్యాకెట్లు పంచుతూ వెళ్తే, ఒక పెద్దావిడ ప్యాకెట్టు తీసుకుని మరీ తిట్టిందట. ఇంటికొచ్చి చెప్పి నవ్వారు. అన్నం మాత్రం ముట్టలేదు.

పదవి అయిపోయాక 2022 దాకా ఎన్నికలే లేవు. మా ఇంటి బెల్లు మాత్రం మోగుతూనే ఉంది.

ఇక మీ అన్నయ్య మాట. 2022లో సగం వార్డులు ఆడవాళ్లకే ఇచ్చారు. మా పక్క వార్డులో గెలిచినావిడ మొదటి ఏడాది భర్త వెనకాలే నిలబడేది. ఇప్పుడు ఇంజినీరును తనే నిలదీస్తోంది. ఫోన్ మీ వదిన చేతిలో ఉంటుందా? ముందు అది తేల్చుకోండి.

చూళై కుర్రాడు:
టి. నగర్‌కు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి మనవాడే, మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా చేశాడు. పోస్టరు మీద ఆయన ఫొటో వేయండి, తెలుగు ఓట్లన్నీ మీవే!

పెరంబూరు అత్తయ్య:
వేయండి బాబూ, ఎవరొద్దన్నారు. కింద వదిన ఫోన్ నంబరు కూడా వేయండి.

విల్లివాక్కం అమ్మాయి:
అంతా వదినకు చదివి వినిపించాను. చదివింపుల దగ్గర అన్నయ్య వైపు చూసింది. సాయంత్రం కూరగాయలకు వెళ్లి, మా వీధి చివర వెలగని దీపం స్తంభం నంబరు సంచీ మీద రాసుకొచ్చింది.