ఎస్‌టీ-70కి పాత ముల్లార్డ్ జీజెడ్34 కొనాలా, కొత్త ట్యూబ్ చాలా?

డాలస్_డైనకో: అందరికీ నమస్తే. నా దగ్గర పాత డైనకో ఎస్‌టీ-70 ట్యూబ్ స్టీరియో ఆంప్ ఉంది, 1959లో వచ్చిన మోడల్. సౌండ్ బ్రహ్మాండం, కానీ ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ట్యూబే నిలవడం లేదు. కొత్తగా తయారైన 5ఏఆర్4 (జీజెడ్34కే అమెరికన్ పేరు) పెడితే కొన్ని నెలలకే, ఆన్ చేసిన కాసేపటికి లోపల చటుక్కున మెరుపు వచ్చి ఫ్యూజ్ పోతోంది. బ్రాండ్ మార్చినా అదే కథ. పాత ముల్లార్డ్ ఒకటి కొంటే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదనీ, సౌండ్ కూడా మెరుగవుతుందనీ అంటున్నారు. ధర చూస్తే గుండె గుభేలుమంది. కొనమంటారా?

కోఠి_వాల్వులు: కొనేయండి అన్నా, ఆలోచించకండి. ఇంగ్లండ్ బ్లాక్‌బర్న్‌లో చేసిన ఆ ట్యూబుల పనితనం ఇప్పటివాటిలో కనిపించదు. పైన ఉన్న ముల్లార్డ్ అచ్చు చూసి మాత్రం డబ్బులివ్వొద్దు, అచ్చు ఎవరైనా వేస్తారు. గాజు మీద అడుగున సన్నగా ఉండే కోడ్ చూడండి, బ్లాక్‌బర్న్‌దైతే రెండో వరుస బి అక్షరంతో మొదలవుతుంది. సౌండ్ సంగతికొస్తే, నా ఆంప్‌లో పెట్టగానే బేస్ బిగువుగా వచ్చింది, గాత్రం ముందుకు వచ్చింది. అది నా చెవులతో విన్నదే.

బెజవాడ_సోల్డర్: నేను ఒప్పుకోను. ముందు ట్యూబ్ ఎందుకు పోతోందో తెలియాలి కదా. ముల్లార్డ్ కంపెనీ తన డేటాషీట్‌లోనే జీజెడ్34 తర్వాత వచ్చే మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారాడ్ దాటకూడదని రాసింది. డైనకో వాళ్లు పెట్టింది 30. ఇప్పుడు చాలామంది పాత క్యాన్ (కెపాసిటర్లున్న డబ్బా) పీకేసి, హమ్ (గుయ్‌మనే మోత) తగ్గుతుందని, బేస్ పెరుగుతుందని పెద్ద కెపాసిటర్ వేస్తారు. అది ఖాళీగా ఉన్నప్పుడు ట్యూబ్ ప్రతి సైకిల్‌లోనూ కొద్ది క్షణాల్లోనే దాన్ని నింపాలి, ఆ క్షణాల్లో లాగే కరెంట్ మామూలు కరెంట్‌కి ఎన్నో రెట్లు, క్యాథోడ్ పూత ఊడేది అక్కడే. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ రెసిస్టెన్స్ కూడా చూడాలి. సెకండరీలో ఒక సగం రెసిస్టెన్స్‌కి, ప్రైమరీ రెసిస్టెన్స్‌ని టర్న్స్ నిష్పత్తి వర్గంతో గుణించి కలిపితే ట్యూబ్‌లోని రెండు ప్లేట్లలో ఒక్కోదానికి ఎంత అడ్డు ఉందో తెలుస్తుంది. డేటాషీట్ చెప్పిన కనిష్ఠం కంటే అది తక్కువైతే ప్లేట్‌కొక చిన్న రెసిస్టర్ వేయాలి. ఇవి చూడకుండా ముల్లార్డ్ పెడితే, ఖరీదైన ట్యూబ్ కొంచెం ఆలస్యంగా పోతుంది, అంతే.

సౌండ్ మాటకొస్తే, ట్యూబ్ మారితే డ్రాప్, అంటే ట్యూబ్‌లో పోయే వోల్టేజ్, మారుతుంది. 5ఏఆర్4లో 225 మిల్లీఆంపుల దగ్గర సుమారు 17 వోల్టులు పోతాయి, 5యూ4జీబీ అనే ఇంకో రెక్టిఫయర్‌లో 40 వోల్టులకు పైనే. హెచ్‌టీ (ఆంప్‌కి అందే హై వోల్టేజ్ డీసీ) మారితే అవుట్‌పుట్ ట్యూబులైన ఈఎల్34ల బయాస్ (సిగ్నల్ లేనప్పుడు అవి లాగే కరెంట్ సెట్టింగ్) కూడా మారిపోతుంది. మీరు విన్న తేడా అదే కావచ్చు. ట్యూబ్ మార్చినప్పుడల్లా బయాస్ మళ్లీ సెట్ చేశారా?

కోఠి_వాల్వులు: చేశాను గురూ, నాదీ ఎస్‌టీ-70యే. ప్రతిసారీ 15.6 ఓమ్ రెసిస్టర్ మీద 1.56 వోల్టులు చూసుకునే విన్నాను. ఆ తర్వాత కూడా తేడా ఉంది. ఇలా అవుట్‌పుట్ ట్యూబులు జతగా పనిచేసే పుష్‌పుల్ ఆంప్‌లో సౌండ్ పెంచినప్పుడు కరెంట్ పెరుగుతుంది, కరెంట్ పెరిగితే రెక్టిఫయర్‌లో డ్రాప్ పెరుగుతుంది. అరిగిన ట్యూబ్‌లో ఒకలా, మంచి ట్యూబ్‌లో ఒకలా. చెవికి తెలియకుండా ఎలా ఉంటుంది?

బెజవాడ_సోల్డర్: ఆ లెక్క సరైనదే, అయితే అది మంచి ట్యూబ్‌కీ అరిగిన ట్యూబ్‌కీ మధ్య తేడా. ముల్లార్డ్‌కీ, అదే డ్రాప్ ఉన్న మంచి కొత్త ట్యూబ్‌కీ మధ్య కాదు. కరెంట్ పెద్దగా మారని క్లాస్ ఏ సింగిల్ ఎండెడ్‌లో ఆ మాత్రం కూడా వినిపించదు. చవకని 5యూ4 పెట్టేవాళ్లు ఇంకోటి మర్చిపోతారు, దాని ఫిలమెంట్ 3 ఆంపులు లాగుతుంది, 5ఏఆర్4ది 1.9 మాత్రమే. వైండింగ్ అంత ఇవ్వగలదో లేదో చూసి పెట్టండి.

మన వైపు చదివేవాళ్లకి ఒక మాట. కరెంటు పోయి వెంటనే వస్తుంది చూడండి, జీజెడ్34కి పెద్ద దెబ్బ అదే. క్యాథోడ్ ఇంకా వేడిగా ఉంటుంది, కెపాసిటర్లు అప్పటికే చాలావరకు ఖాళీ అయిపోయి ఉంటాయి. ఆన్ చేయగానే వచ్చే కరెంట్‌ని తగ్గించే ఎన్‌టీసీ (వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గేది) వేసినా ఆ సమయంలో అదీ వేడిగానే ఉంటుంది కాబట్టి కాపాడదు. కరెంటు పోగానే స్విచ్ కట్టేసి, ట్యూబ్ చల్లారాకే ఆన్ చేయండి.

పవర్‌సప్లై_పద్మ: సోల్డర్ గారితో ఏకీభవిస్తున్నాను, కానీ ఇద్దరూ ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడుకునే మాట ఎత్తలేదు. ట్యూబ్ షార్ట్ అయితే మళ్లీ కొనుక్కోవచ్చు, ఆ పాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అసలైనది ఎక్కడ దొరుకుతుంది? ప్లేట్‌కి వెళ్లే ప్రతి వైర్‌లోనూ 1ఎన్4007 డయోడ్లు సిరీస్‌లో వేయండి. ఒక్కో వైపు రెండేసి. ఒకటి ఎందుకు చాలదంటే, ఎస్‌టీ-70 వైండింగ్ 360-0-360, ట్యూబ్ షార్ట్ అయ్యాక డయోడ్ మీద పడే రివర్స్ వోల్టేజ్ 360కి 1.414 రెట్లు, దానికి మళ్లీ రెండింతలు, అంటే 1018 వోల్టులు. 1ఎన్4007 రేటింగ్ 1000 మాత్రమే. డయోడ్లు పెట్టినా ట్యూబ్ నెమ్మదిగా వేడెక్కే గుణం, దాని డ్రాప్ ఎక్కడికీ పోవు, సౌండ్ మారుతుందని భయపడక్కర్లేదు.

డాలస్_డైనకో: అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే ఆంప్ అడుగు మూత విప్పి చూశాను. పాత క్యాన్ లేదు, ముందు వాడినవాళ్లు ఎవరో కొత్త బోర్డు వేశారు. మొదటి కెపాసిటర్ మీద 100 మైక్రోఫారాడ్ అని ఉంది.

బెజవాడ_సోల్డర్: దొరికింది. ఏ బ్రాండ్ ట్యూబైనా అందుకే పోతోంది. మొదటి స్థానంలో 30 లేదా 40 వేయండి, 525 వోల్టులకు తక్కువ రేటింగ్ తీసుకోవద్దు. పెద్దవి కావాలంటే చోక్ (పవర్ సప్లైలోని ఫిల్టర్ కాయిల్) తర్వాత పెట్టుకోండి. చెయ్యి పెట్టే ముందు ప్లగ్ తీసి, ఉన్నవాటిని రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌తో సున్నా చూసుకోండి.

కోఠి_వాల్వులు: 100 మీద నా ముల్లార్డ్ కూడా పెట్టను అన్నా. కెపాసిటర్, డయోడ్లు అయ్యాక కొత్త ట్యూబ్‌తోనే కొన్నాళ్లు వినండి. అప్పుడు వీలైతే ఎవరి దగ్గరైనా ముల్లార్డ్ అరువు తీసుకుని బయాస్ సరిచేసి పక్కపక్కన వినండి, తేడా ఉందని నేను ఇప్పటికీ అంటాను.

పవర్‌సప్లై_పద్మ: వినేటప్పుడు ఏ ట్యూబ్ పెట్టారో ఇంట్లో ఇంకొకరికే తెలిసేలా చూసుకోండి. ఫలితం ఇక్కడ రాయండి.