లండన్‌లో సంతకం పెట్టిన మా అమ్మాయికి పెళ్లయినట్టా, కానట్టా?

పెరంబూరు అమ్మ, చెన్నై:
మా అమ్మాయి ఉద్యోగం లండన్‌లో. అబ్బాయిది మదురై. పోయిన నెల ఇద్దరూ రిజిస్ట్రారు ఎదుట ‘సివిల్ పార్ట్‌నర్‌షిప్’ చేసుకున్నారు. పెళ్లి కాదట. “దానం చేయడానికి నేనేమైనా గోవునా అమ్మా?” అంటుంది. కాదులే. కానీ కందిపొడి పంపడానికి గుర్తొచ్చే తల్లి సంతకాల రోజున గుర్తు రాలేదా? అది వేరే సంగతి. మా ఆడపడుచు రోజూ ఫోను చేసి “తాళి కట్టాడా లేదా, ఒక్క మాట చెప్పు వదినా” అంటోంది. ఏం చెప్పను? ఆ కాగితం ఇక్కడ చెల్లుతుందా?

హరి, బెంగళూరు:
అమ్మా, ఆరేళ్లు అక్కడున్నాను. 2004 చట్టంతో వచ్చిన ఈ ఏర్పాటు మొదట స్వలింగ జంటలకే. 2014లో వాళ్లకు పెళ్లి కూడా వచ్చేసరికి వాళ్లకు రెండు దారులు, ఆడ-మగ జంటకు ఒక్కటే. రెబెకా స్టైన్‌ఫెల్డ్, చార్లెస్ కీడన్ అనే జంట కోర్టుకెక్కి 2018 జూన్‌లో సుప్రీంకోర్టులో గెలిచింది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2019 డిసెంబరు 31 నుంచి ఆడ-మగ జంటలూ చేసుకుంటున్నాయి. వారసత్వం, పన్ను దాదాపు పెళ్లిలాగే. పెళ్లికి ప్రమాణం పలకాలి, దీనికి సంతకం చాలు. విడిపోవాలంటే మాత్రం కోర్టుకు వెళ్లాల్సిందే. ఉత్త కాగితం అనుకోకండి.

రిటైర్డ్ గుమాస్తా, మైలాపూర్:
ఇక్కడ అలాంటి చట్టం లేదు. 2023 అక్టోబరులో స్వలింగ జంటల కేసులో మన సుప్రీంకోర్టు అది చట్టసభల పని అంది. తిరిగొచ్చి స్థిరపడేలా ఉంటే లాయరును అడిగి 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు చేయించండి: ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఇద్దరూ హిందువులైతే తమిళనాడులో హిందూ వివాహ చట్టానికి చేసిన 1967 సవరణ ప్రకారం స్వయంమర్యాద వివాహం ఉండనే ఉంది. దండలు మార్చుకుంటే చాలు. పురోహితుడు అక్కర్లేదు, తాళి కూడా తప్పనిసరి కాదు.

పెరంబూరు అమ్మ, చెన్నై:
నిన్న సర్టిఫికెట్ ఫోటో పంపింది. వేళ్లతో పెద్దది చేసి చూశాను. మా ఆయన పేరు పక్కన నా పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. అక్కడి పెళ్లి పత్రాల్లో 2021 దాకా తల్లి పేరే ఉండేది కాదట, వీటిలో మొదటినుంచీ ఉందట. నా శుభలేఖలో మా అమ్మ నాన్న పేరు ముందు ‘శ్రీమతి’, అంతే.

ఆడపడుచుకు చెప్పేశాను: “అతను సంతకం పెట్టాడు, ఇదీ పెట్టింది.”

“సరే, భోజనాలెప్పుడు?” అంది.