సగం జియోఫోన్లతో సర్వే: మిగతా సగాన్ని గణితం పూరించగలదా?

లంకవాసి:
కోనసీమలో కొబ్బరి తోటలు, కాలువలు, ఊళ్లు ఒకదానినొకటి ఒరుసుకుని ఉంటాయి కనుక, నేల లోపలి పొరలను కంపన తరంగాలతో పరిశీలించే సైస్మిక్ సర్వేకు జియోఫోన్లను (నేల కంపనాలను నమోదు చేసే పరికరాలను) గీత గీసినట్లు పరచడం కుదరదు. కంప్రెసివ్ సెన్సింగ్ పద్ధతిలో సగం స్థానాలను వదిలి, ఆ లోటును గణనతో పూరించవచ్చని వాదిస్తున్నారు. కొలవని దత్తాంశాన్ని నమ్మి చమురు, గ్యాస్ బావి తవ్వడం సబబేనా?

అంకెలరాయుడు:
25 మీటర్లకొక జియోఫోన్ పెట్టినా రెండింటి నడుమ మనం కొలవడం లేదండీ. తరంగదైర్ఘ్యంలో సగం దూరానికొక కొలత చాలునన్న నైక్విస్ట్ నియమాన్ని నమ్ముతున్నాం. సెకనుకు 500 మీటర్ల వేగంతో నేలబారుగా పాకే గ్రౌండ్ రోల్ అనే ఉపరితల తరంగం పౌనఃపున్యం 10 హెర్ట్జ్ దాటితే, 25 మీటర్ల ఎడం ఆ నియమానికి మించిపోతుంది. అంటే క్రమబద్ధమైన సర్వే కూడా నిక్కచ్చిది కాదు. కాండెస్, రాంబర్గ్, టావ్, డొనోహో 2006లో ప్రచురించిన, కంప్రెసివ్ సెన్సింగ్‌కు ఆధారమైన ఫలితాల షరతు వేరు: సంకేతాన్ని కర్వలెట్ల (వంపు తిరిగిన చిన్న తరంగ ముక్కల) వంటి రూపంలో కొద్దిపాటి గుణకాలతో చెప్పగలిగితే, యాదృచ్ఛికంగా తీసిన తక్కువ కొలతల నుంచి దాన్ని తిరిగి రాబట్టవచ్చు. ఒకటి విడిచి ఒకటి తీసేస్తే అసలు పొరలను పోలిన దొంగ పొరలు పుట్టుకొస్తాయి. చెల్లాచెదురుగా తీసేస్తే ఆ దోషం సన్నని రొదగా చెదిరిపోతుంది, రొదను వడకట్టడం తేలిక. నిజానికి ఈ గణనకు ఆయువుపట్టైన ఆలోచనను, అంటే వర్గాల మొత్తానికి బదులు పరమ మూల్యాల (గుర్తు వదిలేసిన విలువల) మొత్తాన్ని తగ్గించడాన్ని, క్లేర్‌బౌట్, మ్యూర్ 1973లోనే భూభౌతిక శాస్త్రంలోకి తెచ్చారు. మనవాళ్లకిది పెరటి మొక్కే.

క్షేత్రపాలుడు:
రాయుడుగారి లెక్కతో పేచీ లేదు. ఊరు వదిలిన ఖాళీ మాత్రం యాదృచ్ఛికం కాదు. అది 400 మీటర్ల వెడల్పున్న ఒకే గొయ్యి. పైగా చిన్న గుణకాలను రొదగా భావించి తుడిచేసే ఈ పద్ధతిలో, సన్నని భ్రంశాల (రాతి పొరలు విరిగి జరిగిన చోట్ల) అంచుల నుంచి చెదిరి వచ్చే బలహీనమైన వివర్తన తరంగాలు ముందుగా పోతాయి. మనం వెతికేది తరచుగా వాటినే.

అంకెలరాయుడు:
గొయ్యి విషయం ఒప్పుకుంటాను. అందుకే హెన్నెన్‌ఫెంట్, హెర్మన్ 2008లో పూర్తి యాదృచ్ఛికతకు బదులు, ఖాళీ ఒక హద్దు దాటకుండా స్థానాలను అటూ ఇటూ జరిపే పద్ధతిని ప్రతిపాదించారు. వివర్తనల సంగతి పరీక్షతో తేల్చుకోవచ్చు: కొలిచిన ట్రేసులలో (ఒక్కో జియోఫోన్ నమోదు చేసిన సంకేతాలలో) కొన్నింటిని దాచి, పునర్నిర్మించి, పోల్చి చూడాలి.

క్షేత్రపాలుడు:
దాచేటప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి దాచితే పరీక్ష ఎప్పుడూ నెగ్గుతుంది. ఊరంత వెడల్పున వరుసగా దాచి, ఆ ఫలితాన్ని బావి స్థలం నిర్ణయించేవారి ముందు పెడితే, నా అభ్యంతరాన్ని ఉపసంహరించుకుంటాను.