కండ పెరగడానికి రోజుకు ఎంత ప్రొటీన్ తినాలి? 62 కిలోల మనిషికి 180 గ్రాములు అవసరమా?

ప్రశ్న – సోంపేట కుర్రాడు

అందరికీ నమస్కారం. నా వయసు 24 ఏళ్లు, బరువు 62 కిలోలు. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను, వారానికి నాలుగు రోజులు జిమ్‌లో బరువులు ఎత్తుతున్నాను. కండ పెరగాలంటే రోజుకు 180 గ్రాముల ప్రొటీన్ తప్పనిసరి అని, అంత ప్రొటీన్ తిండితో రాదు కాబట్టి మూడు స్కూపుల వే పొడి (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) తాగాలని మా ట్రైనర్ చెబుతున్నారు. జాతీయ పోషకాహార సంస్థ మాత్రం కిలో శరీర బరువుకు 0.83 గ్రాములు చాలంటోంది. ఆ లెక్కన నాకు 51 గ్రాములే. ఇంత తేడా ఎందుకు వచ్చింది, దేన్ని నమ్మాలి? ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడేవారిని ఏళ్ల తరబడి చూసిన మా అమ్మ పొడి మాట వింటేనే భయపడుతోంది. నేను గుడ్లు తింటాను, మాంసం మాత్రం ఆదివారమే దొరుకుతుంది. తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు – ఆహార శాస్త్ర విద్యార్థిని

పోషకాహార సంస్థ చెప్పిన 0.83 గ్రాములు, ఆరోగ్యవంతులైన పెద్దవారిలో దాదాపు అందరికీ లోపం రాకుండా కాపాడే మోతాదు. బరువులు ఎత్తి కొత్త కండ కట్టుకునేవారి కోసం ఆ లెక్క వేయలేదు. మీ ప్రశ్నకు దగ్గరగా వచ్చే సమాధానం 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వెలువడిన విశ్లేషణలో ఉంది. 49 ప్రయోగాలలో పాల్గొన్న 1,863 మంది వివరాలను కలిపి చూస్తే, రోజుకు కిలో బరువుకు సుమారు 1.6 గ్రాములు దాటిన తరువాత సగటున అదనపు కండ ఏమీ కనిపించలేదు. ఆ హద్దు అంచనాలో కొంత అనిశ్చితి ఉంది కనుక పరిశోధకులు దానిని దాదాపు 1.0 నుంచి 2.2 వరకు విస్తరించి చూపారు. మీ బరువుకు 1.6 అంటే 100 గ్రాములు, అందరికంటే జాగ్రత్తగా పై అంచును పట్టుకున్నా 136 గ్రాములు. 180 గ్రాములకు ఆధారం ఎక్కడా లేదు.

అదే విశ్లేషణలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సంగతి మరొకటి ఉంది. అదనంగా ప్రొటీన్ తీసుకున్నవారికి, తీసుకోనివారికంటే సగటున పెరిగిన కొవ్వు లేని శరీర బరువు 0.3 కిలోలు మాత్రమే. కండను పెంచే అసలు పని వ్యాయామానిదే కాబట్టి, నెలనెలా ఎత్తే బరువు పెరుగుతోందా, కడుపునిండా తింటున్నారా, నిద్ర సరిపోతోందా అన్నవి ముందు చూసుకోండి. సన్నగా ఉన్నవారు మొత్తం తిండి పెంచకుండా ప్రొటీన్ ఒక్కటే పెంచితే, దానిలో కొంత భాగాన్ని శరీరం శక్తి కోసమే ఖర్చు చేసేస్తుంది.

జవాబు – పాత హాస్టల్ వాసి

పై లెక్కతో ఏకీభవిస్తూ, మెస్ తిండితో 100 గ్రాములు ఎలా అందుతాయో చెబుతాను. రోజంతటికీ 300 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, టిఫిన్ తింటే 22 గ్రాములు వస్తాయి. కందిపప్పు ఎండుదైతే 40 గ్రాములకు 9 గ్రాములు ఉంటుంది కానీ, మెస్ సాంబారులో పప్పు చాలా పలుచగా ఉంటుంది కాబట్టి ముద్దపప్పు వడ్డించిన రోజు మొహమాటపడకుండా రెండోసారి అడిగి వేయించుకోండి. పాలు, పెరుగు కలిపి అరలీటరుకు 16, మూడు గుడ్లకు 18. ఇక్కడికి 65 అయ్యాయి. మిగిలినదానికి మీల్‌మేకర్‌ను మించిన చవకైన దారి నాకు తెలియదు: 40 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌లో 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, ఎలక్ట్రిక్ కెటిల్‌లో కాచిన నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, కూరలో కలుపుకోవచ్చు. సాయంత్రం గుప్పెడు కాకుండా తూచి 50 గ్రాముల పల్లీలు తింటే మరో 12. మొత్తం 97 గ్రాములు. ఆదివారం కోడికూర ఉంటే మీల్‌మేకర్ అవసరమే ఉండదు.

ఒక హెచ్చరిక: పొట్లం మీద ముద్రించే అంకెలు పచ్చి సరుకువి. ఉడికిన పప్పును తూచి 100 గ్రాములకు 22 అని వేసుకునేవారిని చాలామందిని చూశాను. దానిలో ఎక్కువ భాగం నీరే.

జవాబు – డయాలసిస్ నర్సు

తమ్ముడూ, మీ అమ్మగారి భయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలను ఈ మోతాదు ప్రొటీన్ దెబ్బతీస్తుందని ఇప్పటివరకు నిరూపణ కాలేదు, కానీ జబ్బు ఇప్పటికే మొదలైనవారికి ఎక్కువ ప్రొటీన్ మంచిది కాదు. ఉద్దానం జబ్బుకు కారణం ఇంతవరకు స్పష్టంగా తేలలేదు, పైగా తొలి దశలో మనిషికి ఏ బాధా తెలియదు. అందువల్ల ఆ ప్రాంతం నుంచి వచ్చిన మీరు తిండి పెంచకముందే రక్తంలో క్రియాటినిన్ (కండల నుంచి వచ్చే, మూత్రపిండాలు వడగట్టే వ్యర్థం), మూత్రంలో అల్బుమిన్ (మూత్రపిండాలు దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రొటీన్) పరీక్షలు చేయించుకోవాలి. పరీక్షకు ముందు రోజు మాంసం తినవద్దు, కఠినమైన వ్యాయామం చేయవద్దు, రెండూ క్రియాటినిన్‌ను పెంచుతాయి. అంకె అనుమానాస్పదంగా ఉంటే సిస్టాటిన్ సి పరీక్ష (మూత్రపిండాల పనితీరును చూపే మరో రక్తపరీక్ష) గురించి డాక్టరుగారిని అడగండి, కండ ఎక్కువ ఉన్నవారిలో అది మరింత నమ్మదగినది.

సోంపేట కుర్రాడు

అందరికీ కృతజ్ఞతలు. శనివారం పరీక్షలు చేయించుకుంటాను. ఒక్క సందేహం: మొత్తం ప్రొటీన్‌ను వ్యాయామం అయిన అరగంటలోపే తీసుకోవాలా? పొడి పూర్తిగా మానేయాలా?

జవాబు – ఆహార శాస్త్ర విద్యార్థిని

అరగంట నియమానికి అంత ప్రాధాన్యం లేదు, రోజు మొత్తం మీద అందే ప్రొటీన్ ముఖ్యం. దానిని నాలుగు పూటలకు పంచితే పూటకు 25 గ్రాముల చొప్పున సరిపోతుంది. మీ ఉదయపు ఇడ్లీ పూటలోనే లోటు ఎక్కువగా ఉంటుంది కాబట్టి రెండు గుడ్లను అక్కడికి మార్చండి. కండ కోసం ప్రొటీన్ పొడులు వాడవద్దని పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు సూచించాయి. పొడి విషం కాదు, మెస్ మూసిన రోజున ఒక స్కూపు పాలలో కలుపుకుంటే 24 గ్రాముల వరకు అందుతాయి. అయితే పరీక్షల ఫలితాలు వచ్చేవరకు డబ్బా కొనవద్దు.